పెత్రమాస బియ్యం

ఆ ఏడు పెత్రమాసకు మా అత్త బాలనర్సమ్మ బతికున్న కొడుకు పేరున బియ్యం ఇచ్చింది. కావాలని కాదు. కావాలని ఇచ్చి ఉంటే పోట్లాడేదాన్ని, అలిగి చెంగిచెర్లలో మా అమ్మగారింటికి పోయి నాలుగు రోజులు కూర్చునేదాన్ని. నోరు జారింది, అంతే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

మా అత్త ప్రతి శనివారం గుడికి పోయి అర్చన చేయిస్తుంది. పంతులు పేర్లు చెప్పమనగానే కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి, "దయాకర్, ప్రవీణ, శ్రీజ" అని ఒక్క ఊపిరిలో అప్పజెబుతుంది. కొడుకు, కోడలు, మనవరాలు. మనవరాలి కంటే ముందు నా పేరు రావడం నాకు కాస్త గర్వంగానే ఉండేది. ఏళ్ళ తరబడి అదే వరస. నిద్రలో లేపి అడిగినా తప్పదు.

పెత్రమాస అలా కాదు. భాద్రపద అమావాస్య నాడు పోయినవాళ్ళను తలుచుకుని, ఒక్కొక్కరి పేరు చెప్పి, పంతులుకు బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు ఇస్తాం. ఇచ్చింది వాళ్ళకు ముడుతుందని నమ్మకం. అక్కడ బతికున్నవాళ్ళ పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తొద్దని ఎవరూ చెప్పరు కూడా. నిప్పులో చెయ్యి పెట్టొద్దని పెద్దవాళ్ళకు చెప్పం కదా.

ఆ పొద్దున ముసురు పట్టింది. నాచారం పాత ఊళ్ళో గుడి మండపం నిండా తడిసిన చీరలు, చేటల్లో బీరకాయలు, గుమ్మడికాయ ముక్కలు. పంతులు ఒక్కడే. ఎదురుగా కూర్చున్నవాళ్ళ మీద కంటే వెనక వరస మీదే ఉంది ఆయన చూపు.

"పేర్లు చెప్పమ్మా. జర జల్ది."

"మా మామ హన్మయ్య. మా అత్త ఎల్లమ్మ," అంది మా అత్త. అక్కడ ఆగింది. ప్రతి ఏడూ అక్కడే ఆగుతుంది, ఎందుకంటే తర్వాతిది మొగుడి పేరు. మా మామ బతికున్నన్నాళ్ళు ఆమె ఆ పేరు పలికి ఎరగదు. పోయాక ఏడాదికోసారి పలకాల్సి వస్తోంది. ఆ వయసులోనూ సిగ్గే. ఆ సిగ్గుతో కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి, "సిద్దయ్య" అంది.

కళ్ళు మూసుకుందా, చేతులు జోడించిందా, ఇక నాలుక తనకు అలవాటైన దారిన తాను పోయింది.

"దయాకర్," అంది.

పంతులు ఆ పేరు కూడా మంత్రంలో కలిపేసి నువ్వులు, నీళ్ళు వదలమన్నాడు. ఆమె వదిలింది. తర్వాతి పేరుకు పెదవులు కదుపుతుంటే నేను మోచెయ్యి పట్టి గుంజాను. లేకపోతే అదే చేటలో నా బియ్యం కూడా పోయేవి.

మా అత్త కళ్ళు తెరిచింది. "ఏమన్న నేను?"

"ఏం లేదత్తమ్మా. లే, పోదాం."

"దయాకర్ అన్ననా?"

పంతులు అప్పటికే మా బియ్యం పక్కనున్న బస్తాలో పోశాడు. అందరి బియ్యంలో అవీ కలిసిపోయాయి.

"అయ్యా, నా కొడుకు బతికున్నడు. నోట్లకెళ్ళి ఊకెనే అచ్చింది. నా బియ్యం నాకియ్యి."

"ఇచ్చిన బియ్యం మళ్ళ తీసుకోరమ్మా. నీ మనసు దేవునికి తెల్వదా? ఫికర్ చెయ్యకు, పో. ఎనకామె రావాలె."

వెనకామె రాలేదు. మా పక్కనుంచి కొంచెం ఎడంగా జరిగి, మేము మెట్లు దిగేదాకా చూసి, అప్పుడు వచ్చి కూర్చుంది. పంతులు చెప్పిన ధైర్యం కంటే ఆమె జరగడమే నా మనసులో ఉండిపోయింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన దయాకర్ వరండాలో చాయ్ తాగుతున్నాడు, పక్కన గిరిప్రసాద్. ఇద్దరూ లిఫ్టు మెకానిక్కులు. చెంగిచెర్ల, దమ్మాయిగూడ, కాప్రా వైపు కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో సగం లిఫ్టులు వీళ్ళే చూస్తారు. ఎక్కడికైనా జంటగానే పోతారు, ఎందుకంటే అది జంట పని. ఒకడు లిఫ్టు నెత్తి మీదికెక్కి పని చేస్తుంటే, రెండోవాడు పైన మిషను గదిలో కరెంటు కట్టేసి ఆ స్విచ్చి దగ్గరే నిలబడాలి. ఎవరు పిలిచినా కదలకూడదు. కదిలితే తెలియనివాడెవడో వచ్చి కరెంటు వేస్తాడు. పెళ్ళైన కొత్తలో నేను భయపడితే, "నా పానం గిరి చేతుల, వాని పానం నా చేతుల. గంతే," అని మా ఆయన తేలిగ్గా చెప్పేశాడు.

మా అత్త వాకిట్లోనే ఆగి కొడుకును నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసింది. తర్వాత జరిగింది చెప్పింది. దయాకర్ నవ్వాడు.

"పోయినోళ్ళు చాయ్ తాగుతరా అమ్మా? సూడు, తాగుతున్న."

గిరి ఇంకో ఆకు ఎక్కువే చదివినవాడు. "వదినా, ఇగ అన్నకు అన్నం వండకు. పంతులు ఇంట్ల పెడ్తరట."

"నోర్మూసుకోన్రి. నవ్వులాట గాదు."

మా అత్త గొంతు విని ఇద్దరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు. గిరి మెల్లగా, "అన్నకేమైతదమ్మా? పక్కన నేను లేనా," అన్నాడు. ఆ మాటకు ఆమె కొంచెం మెత్తబడింది.

"నువ్విచ్చినవారా, మీ అమ్మకు బియ్యం?"

"నాకేం తెల్సమ్మా. నా చిన్నప్పుడే పాయె. ఎట్లియ్యాల్నో చెప్పెటోళ్ళెవరున్నరు?"

మా అత్త లోపలికి పోయి ఒక సంచిలో బియ్యం, పప్పు, రెండు బీరకాయలు వేసుకొచ్చి అతని చేతిలో పెట్టింది. "పగటీలి దాంక పంతులు ఉంటడు. పోయి మీ అమ్మ పేరు చెప్పు. మీ అమ్మ పేరే చెప్పాలె, ఇంకోటి చెప్పకు," అంది. గిరి తలాడించి, బండి మీదున్న కవరు తీసి నాకిచ్చాడు. అందులో వాళ్ళావిడ పూర్ణిమ జాకెట్టు గుడ్డ. సద్దుల బతుకమ్మకు కావాలందట. పెత్రమాస మొదలు తొమ్మిది రోజులు బతుకమ్మ పండగ, ఆఖరి రోజు సద్దులు.

ఆ సాయంత్రమే మొదటి బతుకమ్మ. మా గల్లీ మలుపులో చినుకుల మధ్యే పూలు పెట్టి ఆడుతున్నారు. వార్త బతుకమ్మ కంటే ముందే గల్లీ తిరిగొచ్చింది. మా అత్త చప్పట్లు కొడుతోంది గానీ పాట అందుకోవడం లేదు. ఎన్నడూ మా ఆయన ఊసెత్తనివాళ్ళు కూడా పక్కకు చేరి, "మీ ఆయన మంచిగున్నడా?" అని అడిగారు. ఒకామె అడిగితే పలకరింపు. అందరూ అడిగితే పరామర్శ. నేను మధ్యలోనే శ్రీజను లాక్కుని ఇంటికొచ్చేశాను.

నేను ముందు గదిలో జాకెట్లు కుడతాను. పండగ రోజుల్లో తలెత్తే తీరిక ఉండదు. ఇంటి పనంతా మా అత్త మీదే పడుతుంది, ఆమె కూడా ఎప్పుడూ వెనకాడదు. ఆ ఏడు మాత్రం పని చేసే చేతులు ఇక్కడ, చెవులు వీధిలో ఉండేవి. దసరాకు ఇల్లు దులుపుతూ దులుపుతూ ఏదో బండి చప్పుడైతే చీపురు పట్టుకునే గేటు దాకా పోయేది. ఆ బండి మాది కాకపోతే అక్కడే నిలబడిపోయేది. ఇటు పొయ్యి మీద పప్పు అడుగంటేది. రాత్రి అన్నం మానేసింది. అడిగితే ఒక్కపొద్దు అంది. దేనికి ఒక్కపొద్దంటే చెప్పలేదు. కొడుకు తల చుట్టూ నిమ్మకాయ తిప్పింది, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గాం. ఘాటు వచ్చిందంటే దిష్టి లేదని మురవాల్సింది పోయి, కావాల్సినంత ఘాటు రాలేదని దిగులు పడింది.

పై వాటాలో అద్దెకుండే ఛాయాదేవి స్కూలు టీచరు. రాజమండ్రి వైపు వాళ్ళు. చదువుకున్న మనిషి కదా, మా అత్తకు నచ్చజెబుతుందని నేనే పిలిచాను.

"అలాంటివేం ఉండవండీ పిన్నిగారూ. పొరపాటు ఎవరికైనా వస్తుంది. మనసులో పెట్టుకోకండి," అంది ఛాయాదేవి. బాగానే చెప్పిందనుకున్నాను. మెట్లెక్కబోతూ వెనక్కి తిరిగి, "కాకపోతే ఆయనది పైకెక్కే ఉద్యోగం కదమ్మా ప్రవీణా. పండగ వెళ్ళేదాకా కాస్త జాగ్రత్తగా ఉండమను. ఏమీ కాదులే," అంది. మొదట చెప్పింది మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఆఖరున అన్నదే మిగిలింది.

ఆ మరునాడు దయాకర్ ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బండి మీద నుంచి పడ్డాడు. వాన నీళ్ళ కింద గుంత కనపడలేదు. మోచెయ్యి గీరుకుంది, ప్యాంటు చినిగింది, అంతకు మించి ఏమీ లేదు. ఆ గుంతలో రోజూ ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు. అయినా కడిగిన గాయాన్నే మళ్ళీ మళ్ళీ కడిగాను. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. నమ్మకం లేనివాళ్ళకు భయం ఉండదని ఎవరన్నారో గానీ వాళ్ళకు పెళ్ళయి ఉండదు. మా అత్త గుమ్మంలో నిలబడి ఆ గాయాన్ని చూసింది. అరవలేదు, ఏడవలేదు. "మొదలైంది," అని మాత్రం అంది.

ఆ మాట ఇంట్లో పొగలా నిండిపోయింది. కుట్టుమిషను మీద కూర్చుంటే సూది నడుస్తోంది, నా ధ్యాస ఆయన ఎన్నో అంతస్తులో ఉన్నాడన్న దాని మీద ఉంది. ఫోను మోగితే ముందు పేరు చూసి, మా ఆయనదే అయితే ఊపిరి పీల్చుకునేదాన్ని. కొత్త నంబరైతే ఎత్తడానికి ధైర్యం చాలేది కాదు. ఆ వారం ఎందరు గిరాకీలు నన్ను తిట్టుకున్నారో.

సద్దులు దగ్గరపడ్డ ఒక పొద్దున చెంగిచెర్ల నుంచి ఫోనొచ్చింది. అపార్టుమెంటులో లిఫ్టు ఆగిపోయింది, చుట్టాలొస్తున్నారు, ముసలివాళ్ళు మెట్లెక్కలేకపోతున్నారు, వెంటనే రావాలి. దయాకర్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. మా అత్త లోపలినుంచి వచ్చి గడపకు అడ్డంగా కూర్చుంది. తలుపు చట్రానికి ఆ పక్క వీపు, ఈ పక్క కాళ్ళు. గడప మీద కూర్చోవద్దని మా శ్రీజను రోజూ కసిరే మనిషి.

"లే అమ్మా. పొద్దువోతున్నది."

"పొయ్యేదుంటే నన్ను దాటిపో."

"ఏందమ్మా గిది? చిన్నపోరి లెక్క."

"నన్ను దాటిపో అన్న గద."

తల్లిని దాటిపోయే కొడుకు మా వైపు ఇంకా పుట్టలేదు. అది ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. దయాకర్ నా వైపు చూశాడు. నువ్వన్నా చెప్పు అన్నట్టు ఉంది ఆ చూపు. నేను చేతిలో ఉన్న జాకెట్టు హుక్కుల వైపు చూసుకున్నాను.

దయాకర్ సంచి కింద పెట్టి, గిరికి ఫోను చేశాడు. మా అమ్మ గడపకు అడ్డం కూర్చుంది అని చెప్పడానికి ఏ మగవాడికైనా నామోషీ కదా.

"గిరీ, అమ్మకు పానం బాలేదురా. రేపు పోదాం, వాళ్ళకు చెప్పు."

అవతలి నుంచి గిరి గొంతు నాక్కూడా వినపడుతూనే ఉంది. "మస్తు లొల్లి చేస్తున్రన్నా. చిన్న పనే ఉన్నట్టుంది. నేను పోయి సూస్తలే. నువ్వు అమ్మను దవాఖానకు తీస్కపో."

"ఒక్కనివి నెత్తి మీదికి ఎక్కకు."

"ఎక్కనన్నా. నువ్వు ఫికర్ చెయ్యకు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పూట నాకు హాయిగా ఉంది. ఎన్నాళ్ళకో మొగుడు పని రోజున ఇంట్లో ఉన్నాడు. నిచ్చెన వేసి ఫ్యాను రెక్కలు తుడిచాడు, అటక మీది ఇత్తడి గిన్నెలు దింపాడు. నేను చింతపండుతో తోముతుంటే నీళ్ళు పోశాడు. మా అత్త గడప వదల్లేదు, అక్కడే కూర్చుని గోరుచిక్కుడు కాయల ఈనెలు తీసింది. ఎన్నో రోజుల తర్వాత కొడుకుతో కలిసి కడుపునిండా అన్నం తింది. "గింత కూర ఎయ్యి ప్రవీణా," అని అడిగి మరీ వేయించుకుంది. బయట ఎండ కాసింది. ఇక పండగ గట్టెక్కినట్టే అనుకున్నాను.

నేను గిన్నెలు ఎండకు బోర్లిస్తుండగా దయాకర్ ఫోను మోగింది. ఎత్తి, విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"కరెంటెవరు ఏసిన్రు?" అని అడిగాడు.

జవాబు విని ఫోను జేబులో పెట్టుకున్నాడు. చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటున్నాడు, ఒకటి తప్పి ఒకటి. మా అత్త ఎవరూ చెప్పకుండానే గడప మీది నుంచి లేచి పక్కకు తప్పుకుంది. బండి చప్పుడు గల్లీ చివర మలిగేదాకా ఇద్దరం గడప దగ్గరే నిలబడ్డాం.

నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. ఆ గుండీలు పెట్టుకుంటున్న చేతులు మా ఆయనవి. అవి కదులుతున్నాయి. నా కంటికి అంతకు మించి ఏమీ కనపడలేదు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, వచ్చాక ఆగలేదు.

జరిగింది తర్వాత తెలిసింది. గిరి పైన కరెంటు కట్టేసి, గది తలుపు దగ్గరికి వేసి, ఒక్కడే లిఫ్టు నెత్తి మీదికి ఎక్కాడు. చిన్న పనే, చిటికెలో అయిపోతుందనుకున్నాడు. సామాన్లతో కింద నిలబడ్డవాళ్ళు లిఫ్టు ఇంకా రావట్లేదని కేకలేశారు. వాచ్‌మన్ పైకి పోయి చూస్తే గదిలో ఎవరూ లేరు, స్విచ్చి కిందికుంది. మెకానిక్ మరిచిపోయి వెళ్ళిపోయాడనుకుని స్విచ్చి పైకి లేపాడు. గిరి నెత్తి మీద ఉండగానే లిఫ్టు కదిలింది. ఆ ముసలి వాచ్‌మన్ కూడా ఎవరి ప్రాణమూ తీయాలని చేసింది కాదు. ఆ గదిలో ఒక మనిషి నిలబడి ఉండాల్సింది. ఆ మనిషి ఆ సమయంలో మా ఇంట్లో ఇత్తడి గిన్నెల మీద నీళ్ళు పోస్తున్నాడు.

దయాకర్ మరునాడు సాయంత్రం, గిరి అంత్యక్రియలన్నీ అయ్యాక వచ్చాడు. బయటే స్నానం చేసి, తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. లోపల మా అత్త దేవుడి ముందు దీపం పెడుతోంది. ఆమె ఏడుస్తూనే ఉంది. గిరి అంటే ఆమెకు నిజంగా ఇష్టం, వాడు వస్తే గిన్నె అడుగున దాచిన మీగడ పెట్టేది. ఏడుస్తూనే చేతులు జోడించి, "నా కొడుకు గండం తప్పిచ్చినవు తల్లీ," అంది.

నేను దయాకర్‌ని చూశాను. విన్నాడు. తువాలు భుజాన వేసుకుని, "నువ్వే తప్పిచ్చినవు గదమ్మా," అన్నాడు. కోపంగా అంటే బాగుండేది. మామూలుగా అన్నాడు. ఆమె చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో తిన్నాడు, పడుకున్నాడు, శ్రీజ హోంవర్కు కూడా చూశాడు. అమ్మా అని మాత్రం పిలవలేదు. మా అత్త సద్దుల నాడు చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది అన్నీ చేసింది. ఎవరం ముట్టలేదు. ఆడవాళ్ళు వచ్చి తమ జాకెట్లు పట్టుకుపోయారు. పూర్ణిమది ఒక్కటీ కొక్కేనికి మిగిలింది. దాన్ని ఇవ్వలేను, విప్పలేను. పాత చీరలో చుట్టి బీరువా మీద పెట్టాను. నాకు మా అత్త మీద కోపం రావాలి, రాలేదు. ఆమె చేసిన పని నేను చేయలేకపోయాను, చేస్తుంటే ఆపలేదు, అయ్యాక సంతోషించాను. ఇక ఏ మొహంతో కోప్పడను?

దినాలు అయ్యాక ఒకరోజు దయాకర్ చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "దమ్మాయిగూడ పోయొద్దాం. పూర్ణిమను సూసొద్దాం. ముగ్గురం."

"నేనెందుకురా," అంది మా అత్త. "నాకు పానం మంచిగ లేదు."

అని, నాలుక కరుచుకుంది. దయాకర్ తలెత్తాడు.

"ఆ మాట ఒకసారి చెప్పినం గద," అన్నాడు.

ఆమె చీర మార్చుకుని వచ్చింది. ఆటోలో దారంతా ముగ్గురం మూడు వైపులకు చూశాం. అడుగడుగునా కొత్త అపార్టుమెంట్లే, దేని వైపు చూసినా ఆయన మొహం తిప్పుకుంటున్నాడు.

పూర్ణిమ వాళ్ళది మొదటి అంతస్తులో రెండు గదుల వాటా. గోడకానుకుని నేల మీద కూర్చుని ఉంది. పాతికేళ్ళు దాటని పిల్ల, మెడ బోసిగా ఉంది. మమ్మల్ని చూసి గభాల్న లేచింది. మా ఇద్దరినీ కాదని నేరుగా మా అత్త దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని, కుర్చీ ఫ్యాను కిందికి జరిపి కూర్చోబెట్టింది.

"నువ్వెందుకచ్చినవ్ అత్తమ్మా, పానం బాలేనిదానివి? గిన్ని మెట్లెక్కి. ఇప్పుడెట్లుంది? దవాఖానల ఏమన్నరు?"

పూర్ణిమ మళ్ళీ గోడ దగ్గర కూర్చుంది. "ఆ పొద్దు అన్న ఫోను పెట్టేసినంక ఒకటే ఫికరయిండు. పాపం అమ్మకు ఎట్లుందో, మాపటీలి ఇద్దరం పోదాం, బత్తాయిలు కొనుక్కపోదాం అన్నడు. నన్ను తయారై ఉండమన్నడు," అంది.

దయాకర్ నేల వైపు చూస్తున్నాడు. మా అత్తది ఒక్క మాట చాలు, ఇప్పుడు నయంగా ఉంది బిడ్డా అంటే చాలు. పూర్ణిమకు ఉన్న మనిషి పోయాడు, కనీసం ఎందుకు పోయాడన్నది తెలియకుండా ఉండిపోతుంది. చెప్పెయ్యి అత్తమ్మా, ఆ అబద్ధం చెప్పెయ్యి, అని నేను లోలోపల మొక్కుకున్నాను. మా కోసమే మొక్కుకున్నాను, పూర్ణిమ కోసం కాదు.

"నాకేం కాలేదు బిడ్డా," అంది మా అత్త.

పూర్ణిమ అర్థం కానట్టు చూసింది.

"నేను మంచిగనే ఉంటి. పెత్రమాసకు బియ్యం ఇయ్యవోతే నా నోట్లకెళ్ళి వీని పేరచ్చింది. నాకు భయం వట్టింది. పనికి పోకురా అని గడపకు అడ్డం కూసున్న. అన్నం తిన్న, కూర అడిగి ఏపిచ్చుకోని తిన్న. గంతే బిడ్డా. పానం బాలేదన్నది అబద్ధం."

వంటింట్లో ఉన్న పూర్ణిమ అక్క తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా కొట్టవచ్చు, కొడితే కొట్టనీ అనిపించింది. పూర్ణిమ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ చాలాసేపు కూర్చుంది.

"గడపకు అడ్డం కూసున్నవా," అంది చివరికి.

"కూసున్న బిడ్డా."

"ఆయనకు తల్లి లేకపాయె." గొంతులో కోపం లేదు. తనతో తానే చెప్పుకుంటున్నట్టు ఉంది. "ఒక్కన్నే పోవాల్నా అని నన్నడిగిండు అత్తమ్మా. ఎట్ల చెయ్యాలె అన్నడు. పండుగ పూట ఆ అపార్టుమెంటోళ్ళతోని మాటలు పడుడెందుకు, పోయి రా అన్న నేను."

మా అత్త కుర్చీ దిగి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. పోదామని దయాకర్ గానీ నేను గానీ అనలేకపోయాం.